ఇష్టమైన ఉద్యోగమే, కానీ రోజంతా మింగేస్తోంది: ఉండాలా, మానాలా తేల్చుకోవడం ఎలా?

కుందుర్పిలో మహిళా సంఘం మీటింగు ముగించుకుని స్కూటీ మీద కళ్యాణదుర్గం చేరేసరికి రాత్రి పది దాటేది. అమ్మాయి నిద్రపోయి ఉండేది. పొయ్యి మీద అన్నం చల్లారిపోయేది. పొద్దున ఆరుకు ఫోను మోగేది: "అక్కా, యాడున్నావు? ఈ పొద్దు బ్యాంకుకు పోదామంటివే!" విసుగు రావాల్సింది పోయి ఆ ఫోనుకు నవ్వొచ్చేది. అదీ నా సమస్య. పనంటే అంత ఇష్టం.

1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సేవా సంస్థ పెట్టినప్పటి నుంచి అనంతపురం జిల్లాలో స్వచ్ఛంద సంస్థ ఉద్యోగమంటే ఊరూరా తెలిసిన సంగతే. నేను చేసింది అక్కడ కాదు, ఇంకో చిన్న సంస్థలో, ఊర్లలో మహిళా పొదుపు సంఘాల పని. 2012 ఆగస్టులో చేరాను, 2023 ఏప్రిల్‌లో మానేశాను. మధ్యలో 2019లో ఒకసారి మానేద్దామనుకుని మానలేదు. ఉండిపోవడం, వెళ్లిపోవడం రెండూ చూశాను కాబట్టి, ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నవాళ్లకు నేను వాడిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీరు లెక్చరరైనా, నర్సైనా, పత్రిక డెస్కులో ఉన్నా పద్ధతి మారదు, మండలాల పేర్లు మారతాయంతే.

ఒక మాట ముందే. జీతం నెలల తరబడి రాకపోయినా, పైవాళ్లు నోటికొచ్చినట్టు తిడుతున్నా, వేధిస్తున్నా ఈ లెక్కలేవీ మీకు అక్కర్లేదు. బయటికి వచ్చే దారి చూసుకోండి. ఇది పని మీద ప్రేమ ఉండి, ఆ ప్రేమే నెత్తికెక్కి కూర్చున్నవాళ్ల కోసం.

మొదట: ఎప్పుడు తేల్చుకోకూడదో తెలుసుకోండి

ప్రతి పనికీ ఒక ఏరువాక ఉంటుంది. మా పనిలో రెండు. మార్చిలో నిధుల ఖర్చు లెక్కలు, వార్షిక నివేదికలు. జూన్ చివరి నుంచి జులై దాకా శనక్కాయ విత్తనం పడే రోజులు. ఆ రోజుల్లో ఊర్లకు ఊర్లే వాన కోసం ఆకాశం చూస్తుంటాయి, మేము విత్తనం, అప్పు, ఇన్సూరెన్సు అంటూ తిరుగుతుంటాం. ఈ రెండు కాలాల్లో నేను కనీసం పదిసార్లు రాజీనామా రాసి ఉంటాను, మనసులో. ఆగస్టు వచ్చేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు.

కాబట్టి మీ పనిలో బరువు ఎక్కువుండే నెలలేవో, తేలికగా ఉండే నెలలేవో క్యాలెండరు మీద గీత గీసి పెట్టుకోండి. తేలికైన నెలలో కూడా ఊపిరాడకపోతే అప్పుడది సీజను సమస్య కాదు. అట్లాగే పండగ సెలవుల మర్నాడు, పెద్ద గొడవ జరిగిన రాత్రి, జ్వరంలో ఏదీ తేల్చకండి. సంక్రాంతికి నాలుగు రోజులు ఇంట్లో ఉండి అరిసెలు తిన్నాక ఏ ఉద్యోగమైనా మానాలనే అనిపిస్తుంది.

మూడు వారాల నోటుబుక్కు

"నాకసలు టైమే ఉండడం లేదు" అనేది బాధ. దాన్ని లెక్కగా మార్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేం, మనతో మనం కూడా. వారానికి 168 గంటలు. మూడు వారాలపాటు ప్రతి అరగంటా దేనికి పోయిందో రాయండి. రాత్రి కూర్చుని గుర్తుచేసుకుని రాస్తే అబద్ధాలు వస్తాయి, అప్పటికప్పుడే రాయాలి. నేను పది రూపాయల చిన్న పుస్తకం హ్యాండుబ్యాగులో పెట్టుకున్నాను. ఫోన్‌లో రాయబోతే వాట్సాప్ తెరుచుకుంటుంది, అది ఇంకో కథ. అయిదు నిమిషాల్లోపు ఫోన్లను విడిగా రాయకుండా ఒక్కో గీత పెట్టి, రాత్రికి గీతలు లెక్కపెట్టాను. ఒకరోజు 41 గీతలున్నాయి.

2019లో నా లెక్క ఇది. వారానికి 71 గంటలు పనికే పోతున్నాయి. అందులో ఊర్లలో జనంతో గడిపినవి 22. బండి మీద, బస్సులో 14. నివేదికలు, ఫొటోలు, గ్రూపుల్లో పోస్టింగులు 17. ఆఫీసు మీటింగులు 9. ఇంట్లో కూర్చుని మాట్లాడిన ఫోన్లు 9. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటలు అంటుంది. దాన్ని కొలబద్ద అనుకుంటే నేను దాదాపు ఒకటిన్నర ఉద్యోగం చేస్తున్నా, ఒక్క జీతానికి.

కానీ నన్ను కుదిపేసింది 71 కాదు, 22. ఏ పని కోసం చచ్చేంత ఇష్టంగా తిరుగుతున్నానో, దానికి దొరికేది మూడో వంతు కూడా లేదు.

ఇప్పుడు ఆ పుస్తకంలో ప్రతి అరగంట పక్కన ఒక అక్షరం వేయండి. నేను నాలుగు వాడాను. "ప్రా" అంటే ప్రాణం పెట్టి చేసేది. "త" అంటే ఇష్టం లేకున్నా ఆ ఉద్యోగంలో తప్పనిది. "వే" అంటే వేరేవాళ్ల పని నా మీద పడింది. "అ" అంటే అలవాటుగా చేస్తున్నది, నేను చేయకపోయినా ఆకాశం విరిగి పడనిది. నిజాయితీగా వేయండి. పక్కవాళ్ల నివేదికల్లో అచ్చుతప్పులు దిద్దే పనికి నేను మొదట "త" వేశాను, రెండో వారం సిగ్గుపడి "అ" చేశాను.

ఇష్టం దేని మీదో విడదీసి చూడండి

ఇక్కడే ఎక్కువసేపు కూర్చోండి. "నా ఉద్యోగం అంటే నాకిష్టం" అనే మాటలో కనీసం అయిదు రకాల ఇష్టాలు ముడిపడి ఉంటాయి: ఆ పని, ఆ మనుషులు, ఆ చోటు, దానివల్ల వచ్చే గౌరవం, ఇంకా "నేను లేకపోతే నడవదు" అనే రుచి.

మొదటి మూడూ మంచివే. వాటిని వేరే రూపంలో కూడా సంపాదించుకోవచ్చు. సంఘాల పని ఇష్టమైతే రైతు ఉత్పత్తిదారుల సంఘంలో చేయొచ్చు, మనుషులు ఇష్టమైతే ఉద్యోగం లేకున్నా జాతరకు పోవచ్చు. గౌరవం కొంచెం కష్టం. ఊర్లోకి వస్తూనే కుర్చీ వేసి, టీ తెప్పించే మర్యాద రాజీనామాతో తగ్గుతుంది. తగ్గినప్పుడు బాధ వేస్తుంది, దాన్ని తక్కువ అంచనా వేయకండి.

అయిదోది మాత్రం ప్రమాదం. నాకు డెంగీ వచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో, ఇంట్లో పడి ఉన్నాను. శెట్టూరు దగ్గర ఒక ఊర్లో ఆ వారం పొదుపు మీటింగు ఉంది. ఎన్నేళ్లుగానో "నువ్వొస్తేనే అయితాది అక్కా" అంటూ వచ్చిన సంఘం అది. నేను రాకపోయేసరికి ఇంటర్ చదివిన ఒక కోడలు పిల్ల పుస్తకం ముందేసుకుని మీటింగు నడిపేసింది. బ్యాంకులో డబ్బు కూడా కట్టేశారు. ఫోన్‌లో ఆ సంగతి చెప్తే నేను సంతోషపడాలి కదా? మేం పనిచేసేదే అందుకోసం కదా? నాకు చిన్నబుచ్చినట్టయింది. ఫోను పెట్టేశాక చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మీకూ ఇట్లాంటి క్షణం ఒకటి ఉండే ఉంటుంది, మీరు లేకుండా పని జరిగిపోయిన రోజు. ఆ రోజు ఊపిరి పీల్చుకున్నారా, నొచ్చుకున్నారా? నొచ్చుకున్నట్టయితే, ఉద్యోగం మారినా ఈ రోగం మీ వెంటే వస్తుంది. కొత్తచోట ఆరు నెలల్లో మళ్లీ 70 గంటలు చేస్తుంటారు. నేను ఇద్దరిని చూశాను అట్లా.

గంటలు ఎవరు తింటున్నారో కనుక్కోండి

కాలం పోవడానికి మూడే కారణాలు: పని స్వభావం, సంస్థ తీరు, మన తీరు. ఏది ఎంతో తేల్చకుండా తీసుకున్న నిర్ణయం సగం గుడ్డిది.

రాత్రి మీటింగులు మా పని స్వభావం. ఉపాధి హామీ పథకం దేశానికంతా మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అప్పటి నుంచి ఎండాకాలం పొద్దున ఊర్లోకి పోతే అరుగుల మీద ముసలోళ్లు తప్ప ఎవరూ ఉండరు. అందరూ పనికాడ ఉంటారు. సాయంత్రం వచ్చి, నీళ్లు పోసుకుని, సంగటి తిన్నాకే సంఘం. దీన్ని ఏ డైరెక్టరూ మార్చలేడు. ఇది మీకు భరించరానిదైతే, ఆ ఉద్యోగంతో ఎంత ప్రేమ ఉన్నా పొసగదు. అందులో ఎవరి తప్పూ లేదు.

ఒకే లెక్కను నిధులిచ్చేవాళ్లకొక రకంగా, ఆఫీసుకొక రకంగా, యాప్‌లో ఇంకో రకంగా ఎక్కించడం సంస్థ తీరు. నాతో పనిచేసే అబ్బాయి మానేస్తే, "రెండు నెలలు వాని ఊర్లు గూడా చూడమ్మా, కొత్తోణ్ణి తీసుకుంటాం" అన్నారు. ఆ రెండు నెలలు రెండేళ్లయ్యాయి. ఇది మార్చదగ్గది, అడిగితే మారొచ్చు.

ఫోను మొదటి రింగుకే ఎత్తడం, సంఘం లీడర్లకు నేర్పించాల్సిన లెక్క నేనే చేసి ఇవ్వడం నా తీరు. చేసి ఇస్తే పది నిమిషాలు, నేర్పిస్తే రెండు గంటలు. కానీ ఆ పది నిమిషాలు ప్రతి వారం, ప్రతి ఊర్లో, ఏడేళ్లు.

తేల్చుకోవడానికి ఒకటే ప్రశ్న అడుక్కోండి: నాకన్నా తెలివైన మనిషి, నా అంత మొహమాటం లేని మనిషి నా కుర్చీలో కూర్చుంటే వారానికి ఎన్ని గంటలు పడుతుంది? నా విషయంలో జవాబు 58 దగ్గర తేలింది. అంటే 13 గంటలు నా పుణ్యమే.

డబ్బు

ఇష్టమైన పని చేసేవాళ్లం డబ్బు లెక్క వేయడానికి సిగ్గుపడతాం. వేయండి. అప్పట్లో నా చేతికి వచ్చేది 21,400. నెలకు 305 గంటలు. గంటకు 70 రూపాయలు. ఉద్యోగం వల్లే అయ్యే ఖర్చులు తీసేశాను: అలవెన్సు దాటిన పెట్రోలు 1,800, వండే ఓపిక లేక కర్రీ పాయింటుకు పెట్టింది 1,500, ఇంట్లో ఎవరూ ఉండరని అమ్మాయిని పంపిన ట్యూషను 1,200. గంటకు 55కు దిగింది.

ఈ అంకె చూసి మానెయ్యమని కాదు. ఇష్టం కోసం ఎంత కడుతున్నారో తెలిసి కట్టమని.

తర్వాత చేతిలో ఎన్ని నెలల ఇంటిఖర్చు ఉందో చూసుకోండి. ఆరు నెలలది లేకుండా వేరే ఉద్యోగం చూసుకోకముందే దిగకండి. మన వైపు లెక్కలో మరిచిపోయేవి కొన్నున్నాయి. చీటీ ఎత్తేసి ఉంటే మిగిలిన కంతులు జీతం ఆగినా ఆగవు. బ్యాంకులో కుదువపెట్టిన బంగారానికి వడ్డీ గడువు ఎప్పుడో చూడండి. జూన్‌లో పిల్లల ఫీజు ఒక్కసారే మీద పడుతుంది. మీ జీతం చీటీ చూసి ఎవరి చీటీకైనా ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే, వాళ్లు సరిగ్గా కడుతున్నారా లేదా ఇప్పుడే కనుక్కోండి. ఇల్లు కట్టడానికి అప్పు తీసుకునే ఆలోచన ఉంటే, జీతం లేని మనిషికి బ్యాంకు కుర్చీ కూడా వేయదని గుర్తుపెట్టుకోండి.

ఇక మీకు రావాల్సింది. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట పర్మినెంటు ఉద్యోగికి అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. 2023లో నేను మానేసినప్పటి లెక్క ఇది: చివరి నెల మూల వేతనం, కరువు భత్యం కలిపి, దాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. మూల వేతనం 14,000, సర్వీసు 11 ఏళ్లయితే దాదాపు 88,846 రూపాయలు. ఆరు నెలలు దాటిన ముక్క ఏడాదిగా లెక్కకొస్తుంది. నాకు పదేళ్ల ఎనిమిది నెలలే, పదకొండుగా కట్టారు. ఇవ్వాల్సిన తేదీ నుంచి 30 రోజుల్లోపు చెల్లించాలి. మీకు నాలుగేళ్ల ఏడు నెలలో, ఎనిమిది నెలలో అయితే పళ్లు బిగబట్టి అయిదు నింపండి. కోర్టులకెక్కి వాదించుకోవాల్సిన కష్టం మనకెందుకు.

పీఎఫ్ విషయంలో ఒకటి చెప్తాను, దీనివల్ల నేను మూడు నెలలు తిరిగాను. ఆధార్‌లో పెళ్లయ్యాక మార్చిన ఇంటిపేరు, పీఎఫ్ ఖాతాలో పుట్టింటి పేరు. రెండూ కలవకపోతే ఏ దరఖాస్తూ కదలదు. ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోండి, అప్పుడైతే ఆఫీసువాళ్లు మన మాట వింటారు. మానేశాక, మీరు మానేసిన తేదీని ఆఫీసువాళ్లు పోర్టల్‌లో ఎక్కించారో లేదో చూడండి. అయిదేళ్లు నిండకుండా డబ్బు తీస్తే పన్ను పడొచ్చు. వేరేచోట చేరుతుంటే తీయకుండా బదిలీ పెట్టుకోవడమే మేలు. పింఛను భాగానికి పదేళ్ల సర్వీసు గీత ఉంది: అది దాటితే 58 ఏళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. తొమ్మిదిన్నరేళ్ల దగ్గరున్నవాళ్లు నిదానించండి.

ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా చివరి రోజుతో ఆగిపోతుంది. సొంత పాలసీలో పాత రోగాలకు వేచి ఉండే గడువు ఉంటుంది కాబట్టి బీపీ, షుగరు ఉన్నవాళ్లు రాజీనామాకు చాలా ముందే పాలసీ తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఇల్లు ఉందో లేదో సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

మానే ముందు అడగండి, అంకెలతో

చాలామంది ఈ మెట్టు ఎగరేసి నేరుగా రాజీనామా ఇస్తారు. మొహమాటం. "ఆయన ఏమనుకుంటాడో" అని ఏడాదిపాటు అడగకుండా, ఒకరోజు కాగితం విసిరేస్తే ఆయన ఇంకేమనుకుంటాడు?

"పని ఎక్కువైంది సార్" అంటే ఎవరికైనా ఎక్కువే. నేను నోటుబుక్కు లెక్కను ఒక పేజీగా రాసి మా పై అధికారి దగ్గరికి తీసుకెళ్లాను. అడిగినవి నాలుగు: మానేసిన అబ్బాయి ఊర్లు నా నుంచి తీసేయాలి, రాత్రి మీటింగులు వారానికి మూడే, రాత్రి మీటింగు జరిగిన మర్నాడు పదకొండుకు వస్తాను, నివేదిక ఒకే రకంగా ఇస్తాను, మిగతావి ఆఫీసులో తయారుచేసుకోవాలి.

"ఏందమ్మా, నువ్వు గూడా ఇట్లంటే ఎట్ల?" అన్నాడాయన. పొగడ్తలాంటి ఈ మాట చాలా గట్టిది. ఎన్నిసార్లు దీనికే కరిగిపోయి బయటికొచ్చానో. ఈసారి, "నేను గూడా అంటున్నానంటే చూడండి సార్, ఎంత అయ్యుంటే అంటున్నానో" అన్నాను. కొంచెంసేపు పేజీ చూశాడు. "చూద్దాంలే" అన్నాడు.

"చూద్దాం" రెండు రకాలు. తేదీ ఉన్న చూద్దాం, తేదీ లేని చూద్దాం. రెండోది "కాదు" అనే మాటకు మర్యాద పేరు. తేదీ అడగండి. అడిగినవన్నీ ఒక మెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో "మనం మాట్లాడుకున్నట్టు" అని రాసి పంపండి. 2019లో నాకు తేదీ దొరికింది. రెండు నెలల్లో కొత్త అబ్బాయి వచ్చాడు, నివేదికలు మాత్రం ఒకటయ్యేదాకా ఆరు నెలలు పట్టింది. నా వంతుగా రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఫోను ఎత్తడం మానేశాను. వారానికి 54 గంటలకు వచ్చింది. కోవిడ్ నెలలు తీసేస్తే, ఆ తర్వాత రెండున్నరేళ్లు నా ఉద్యోగ జీవితంలో మంచి రోజులు. అప్పుడే మానేసి ఉంటే అవి ఉండేవి కావు. అందుకే ఈ మెట్టు దాటొద్దని ఇంత చెప్పడం.

సగం రోజు ఉద్యోగం, కన్సల్టెంటు అనే ఏర్పాట్లు వస్తే తొందరపడి ఒప్పుకోకండి. మా దగ్గర ఒకామెకు సగం జీతం చేశారు, పని మాత్రం సగం చేయడం మరిచిపోయారు. అట్లాంటిది ఒప్పుకుంటే ఏ పని చేయరో రాయించుకోండి. ఏం చేస్తారో రాయించుకుంటే చాలదు.

ఇంట్లో మాట

మా ఆయనకు ఎలక్ట్రికల్ షాపు. నా అవస్థ చూసి, "మానెయ్, ఇంట్లో ఉండు" అనేవాడు. ప్రేమతోనే. కానీ "నీకు విశ్రాంతి కావాలి" అనడం వేరు, "ఇంట్లో ఉండు" అనడం వేరు. ఆడవాళ్లు ముఖ్యంగా ఈ తేడా పట్టుకోండి. మానేసిన మర్నాటి నుంచి మిగిలిన గంటలన్నీ వంటింటికీ, అత్తగారి మందులకూ, బంధువుల పెళ్లిళ్లకూ సర్దుబాటు అయిపోతాయి. "నువ్వు ఖాళీయే కదా" అనే మాట ఎంత తొందరగా వస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాజీనామాకు ముందే ఎవరు ఏ పని చేస్తారో మాట్లాడుకోండి. లేకపోతే 71 గంటల ఉద్యోగం పోయి, జీతం లేని 71 గంటల ఉద్యోగం వస్తుంది.

పిల్లలను కూడా అడగండి, వాళ్ల తరఫున మనమే ఊహించుకోకుండా. అమ్మాయికి అన్యాయం చేస్తున్నానని ఏళ్లుగా కుమిలిపోయాను. అప్పుడు ఆరో తరగతి. అడిగితే, "మానొద్దులేమ్మా, ఆదివారం మాత్రం ఫోన్ చూడొద్దు" అంది. నా అపరాధభావం కొండంత, దాని కోరిక గోరంత. ఆ ఒక్క ఆదివారం ఇవ్వడానికి ఉద్యోగం మానక్కర్లేదు.

బయటివాళ్లలో, కోపంతో మానేసినవాళ్లను అడగొద్దు, మీ కుర్చీ ఖాళీ అయితే లాభపడేవాళ్లను అసలే వద్దు. మానేసి రెండేళ్లయినవాళ్లలో ఒకరిని పట్టుకుని, "ఏం గుర్తొస్తుంది?" అని అడగండి. జవాబు ఎంత ఆలస్యంగా వస్తుందో చూడండి.

ఉత్తుత్తి రాజీనామా

పోగుపడిన సెలవుల్లోంచి రెండు వారాలు పెట్టండి. తిరుపతికి, బెంగళూరుకు పోకుండా మీ ఊర్లోనే ఉండండి. యాత్రకు పోతే యాత్ర బాగుందని తెలుస్తుందే తప్ప ఉద్యోగం గురించి ఏమీ తెలియదు. ఫోన్లు ఇంకొకరికి మళ్లించండి. మొదటి నాలుగు రోజులు నిద్రే పోతారు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. రెండో వారంలో మనసు దేని వైపు పోతుందో రాసుకోండి. నాకు ఆఫీసు గుర్తురాలేదు, నివేదికలు గుర్తురాలేదు. సాయంత్రం ఏడుకు మాత్రం కాళ్లు ఊరికే ఉండేవి కావు.

ఇంకో ఉద్యోగం చూస్తుంటే దాని మంగళవారం ఎట్లుంటుందో చూడండి. చేరిన రోజు అందరూ బొకే ఇస్తారు. నాకు అనంతపురంలో ఒక ఆఫీసు ఉద్యోగం వచ్చేలా ఉంటే రెండు రోజులు అక్కడే కూర్చుని చూశాను. సప్తగిరి సర్కిల్ దగ్గర ఏసీ గది, పదింటికి వచ్చి అయిదింటికి పోవచ్చు. రెండో రోజు మధ్యాహ్నానికి గడియారం చూడటం మొదలైంది. గంటలు తక్కువైతే చాలనుకున్నదాన్ని, గంటలు కదలకపోవడం కూడా ఒక కష్టమని అక్కడ తెలిసింది.

గీత ముందే గీసుకోండి

మనసు రోజుకొక మాట చెప్తుంది కాబట్టి, బాగున్న రోజున ఒక గీత గీసి, రాసి, ఒక మనిషికి చూపించండి. నా గీత ఇది: "వరుసగా మూడు మామూలు నెలలు వారానికి 60 గంటలు దాటితే, ఒకసారి అడుగుతాను. అడిగిన 90 రోజుల్లో తగ్గకపోతే మానేస్తాను." ఆ కాగితం మా చెల్లెలి దగ్గర ఉంది.

2022లో కొత్త ప్రాజెక్టు వచ్చింది. బ్రహ్మసముద్రం వైపు ఊర్లు కలిశాయి. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు వరుసగా 66 దాటింది. నవంబరులో పేజీ రాసుకుని వెళ్లాను. ఈసారి తేదీ లేని "చూద్దాం" వచ్చింది. ఫిబ్రవరిలో మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, కాగితం చదవమంటావా?" అంది. వద్దన్నాను. ఆ రాత్రి ఏడ్చాను, కానీ ఆలోచించాల్సింది ఏమీ మిగల్లేదు. ఆలోచన మూడేళ్ల ముందే అయిపోయింది.

మీ గీత నా గీతలా ఉండక్కర్లేదు. గంటలు కాకుండా నిద్ర కావచ్చు, బీపీ కావచ్చు. కొలవగలిగేది కావాలి, తేదీ ఉండాలి, రెండో మనిషికి తెలియాలి.

మానడమే తేలితే

నోటీసు గడువు నియామక పత్రంలో చూసుకుని, పని తేలికైన నెలకు చివరి రోజు పడేట్టు ఇవ్వండి. నేను మార్చి లెక్కలు ముగించి, విత్తనాల కాలం రాకముందే ఏప్రిల్‌లో దిగాను. రాజీనామా నాలుగు వాక్యాలు చాలు. అందులో ఫిర్యాదులు రాయకండి, చదివేవాడికి అవి ముందే తెలుసు. రిలీవింగ్ లెటరు, అనుభవ పత్రం, గ్రాట్యుటీ దరఖాస్తు అందినట్టు సంతకం, మిగిలిన సెలవుల లెక్క: ఇవి చేతికి వచ్చేదాకా వీడ్కోలు కేకుకు తొందరపడకండి.

పని అప్పగించడంలో కాగితం సగమే. ఏ ఊర్లో ఎన్ని సంఘాలు, ఎంత అప్పు, బ్యాంకులో ఎవరిని కలవాలి, అవన్నీ రాసిచ్చాను. ఎవరికి ఎవరితో పడదు, ఎవరింట్లో టీ తాగకపోతే ఎవరు అలుగుతారు అనేవి మాత్రం రాయకూడదు. అవి బండి మీద చెప్పాలి. నా చోట్లోకి వచ్చిన అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని ఊరూరా తిప్పాను. చివరి వారం ఆమె నడిపింది, నేను వెనక కూర్చున్నాను. మీటింగులో కూడా వెనక వరుసలోనే. ఎవరైనా నా వైపు తిరిగి అడిగితే ఆ అమ్మాయి వైపు చూపించాను. అంత కష్టమైన పని పదేళ్లలో చేయలేదు.

మానేశాక ఫోన్లు వెంటనే ఆగవు. "అక్కా, వితంతు పింఛను రాలేదు", "అక్కా, డ్రిప్పు సబ్సిడీకి ఏం కావాల?" విషయం మీకు తెలిసినా చెప్పొద్దు. కొత్త మనిషి నంబరు చెప్పి, క్షేమం అడిగి పెట్టేయండి. ఒకసారి మీరు చెప్పారంటే ఆ అమ్మాయికి ఇంకో నెల ఆలస్యమవుతుంది. నాకు ఫోన్లు తగ్గేదాకా మూడు నెలలు పట్టింది.

వాట్సాప్ గ్రూపుల నుంచి ఒక్కసారే బయటికొస్తే జనం భయపడి ఫోన్ చేస్తారు. రోజుకు రెండో మూడో చొప్పున, ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి. 38 గ్రూపుల్లోంచి అట్లాగే వచ్చేశాను. ఒక్కదాంట్లో ఉండిపోయాను. అందులో పొద్దున్నే ఎవరో ఒకరు ఏ ఊర్లో ఎంత వాన పడిందో మిల్లీమీటర్లలో పెడతారు, అంతే. దానికి జవాబివ్వాల్సిన పని లేదు.